వర్తమానాన్ని కవిత్వం నుంచి వెలివేయకండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సాహితీ గ్రూపుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కారములు.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల కవులూ పాఠకులూ కలిసి నడుపుకుంటున్న వాట్సాప్ సాహితీ గ్రూపుల్లో కొన్నింటిలో నేను సభ్యుణ్ణి. కవిత అచ్చయిందో లేదో తెలియక పత్రిక కోసం నెలల తరబడి ఎదురుచూసిన రోజుల నుంచి, రాత్రి రాసిన పద్యాన్ని తెల్లవారేసరికి వందలమంది చదివే రోజులకు మన ప్రాంతపు రచయితలు చేరుకున్నారంటే అందులో మీ శ్రమ ఉంది. ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు చూసుకుంటూ, పైసా ప్రతిఫలం లేకుండా రోజూ ఇన్ని సందేశాలను కనిపెట్టుకుని ఉండడం చిన్న పని కాదు. ఆ గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మీలో చాలామంది గ్రూపు వివరణలో ఒక నియమం పెట్టారు. మాటలు కాస్త అటూ ఇటూగా ఉన్నా సారాంశం ఒకటే: ఇక్కడ సాహిత్యం మాత్రమే పంచుకోవాలి, రాజకీయాలూ వర్తమాన వ్యవహారాలూ నిషిద్ధం. ఆ నియమాన్ని తీసివేసి, దాని స్థానంలో రాసినవారి పేరు, రాసిన తేదీ, చెప్పిన విషయానికి ఆధారం తప్పనిసరి చేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇప్పుడున్న నియమం ఎవరి మీద పడుతున్నదో ఒక సంగతి చెబుతాను. పొగాకు వేలం సాగుతున్న రోజుల్లో ప్రకాశం జిల్లా రైతు ఒకాయన మన గ్రూపుల్లో ఒకదానిలో చిన్న కవిత పెట్టారు. అందులో కొన్ని పాదాలు ఇవి:

బ్యారన్ పొయ్యిలో నిద్రను కాల్చి
ఆకుకు రంగు తెచ్చాం.
వేలం కేంద్రంలో ఆ రంగు చూసినవాళ్లు
మా కళ్ల రంగు చూడలేదు.
నోబిడ్ చీటీతో బేలు
మళ్లీ మా ట్రాక్టరెక్కింది.

వర్జీనియా పొగాకు పండించే ఊళ్లలో తిరిగినవారికి ఈ పాదాలను విడమరిచి చెప్పనక్కరలేదు. ఆకును బ్యారన్‌లోకి, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గదిలోకి, ఎక్కించిన తరువాత దాదాపు వారం రోజులపాటు రాత్రింబవళ్లు వేడిని కనిపెట్టుకుని ఉండాలి. వేడి అదుపు తప్పితే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే గ్రేడు పడిపోతుంది, గ్రేడు పడిపోతే ధర పోతుంది. ఇంత చేసి, ఆకును బేళ్లుగా, అంటే మూటలుగా కట్టి, వేలం కేంద్రానికి తోలుకుపోతే, కొనేవాడు ధర చెప్పకుండా ముందుకు సాగిపోయిన బేలును నోబిడ్ అంటారు. ఆ బేలును ఇంటికి తిరిగి తోలుకురావడానికి అయ్యే కిరాయి కూడా రైతుదే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల చుట్టూ ఉన్న కుటుంబాల బతుకును ఆ కవి ఆరు పాదాల్లో చెప్పారు. నిద్ర లేక ఎర్రబడిన కళ్లను ఆకు రంగు పక్కన నిలబెట్టి చూపడం ఎంత నేర్పుతో చేసిన పనో కవిత్వం చదివేవారు ఎవరైనా గుర్తిస్తారు.

ఆ కవితను కొద్దిసేపట్లోనే తొలగించారు. రైతు సమస్యలు రాజకీయాల కిందికి వస్తాయి కనుక తొలగించామని నిర్వాహకులు మర్యాదగానే చెప్పారు. అదే పూట వెన్నెల మీద, గులాబీ మీద వచ్చిన కవితలు గ్రూపులో ఉన్నాయి. వాటి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, వెన్నెల మీద మంచి కవిత ఎవరు రాసినా ఇష్టంగా చదువుతాను. కానీ ఆ రైతు ఏ పార్టీ పేరూ ఎత్తలేదు, ఏ మంత్రినీ తిట్టలేదు. తన చేతిమీదుగా జరిగిన పనిని, తన కళ్లముందు జరిగిన వేలాన్ని చెప్పారు. ఆ తరువాత ఆయన ఆ గ్రూపులో మరో కవిత పెట్టగా నేను చూడలేదు. పోస్టు ఒక్కటే పోయి ఉంటే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ఆ కవే మన మధ్య నుంచి తప్పుకున్నారు.

వర్తమానం కవిత్వానికి మైల అన్న ఆలోచన మన నేలకు చెందినది కాదు. పెన్న ఒడ్డున నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన కవి మాత్రమే కాదు, మంత్రి కూడా. 13వ శతాబ్దంలో శైవ వైష్ణవ వైరాలు జనాన్ని చీలుస్తున్న కాలంలో, భారతంలో పదిహేను పర్వాలను తెనిగించి ఆయన అంకితమిచ్చింది హరిహరనాథునికి. శివుడనీ విష్ణువనీ వేరు చేయకుండా ఇద్దరినీ ఒక్క రూపంలో కొలిచి, ఆ దైవానికి తన జీవితకాలపు రచనను సమర్పించడం కంటె ఆనాటి వర్తమాన వ్యవహారం మీద స్పష్టమైన వ్యాఖ్య మరొకటి ఉంటుందా? మీలో కొందరు తిక్కన జయంతిని శ్రద్ధగా జరుపుతారు, గ్రూపుల్లో ఆయన పద్యాలను రోజుకొకటి చొప్పున పెడతారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఆ పద్యాలు పుట్టిన కాలపు గొడవను కూడా తలచుకోవాలని మనవి.

అంత వెనక్కి వెళ్లనక్కరలేదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట సంగతి మీలో చాలామందికి కళ్లకు కట్టినట్టు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నప్పుడు, సాయంకాలపు తరగతిలో సారా వల్ల కూలిపోయిన ఒక సంసారం కథను పాఠంగా చదివిన మహిళలు, ఇది మన ఇంటి కథే కదా అని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ చూపులు మాటలయ్యాయి, మాటలు పాటలయ్యాయి, పాటలు సారా దుకాణం ముందు బైఠాయింపులయ్యాయి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ తరువాత ఆ నిషేధానికి పట్టిన గతి ఇక్కడ అప్రస్తుతం. ఆ తరగతి గదికి ఈనాటి మన గ్రూపు నియమాన్ని వర్తింపజేస్తే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి. అక్షరాలు మాత్రమే దిద్దండి, ఊళ్లో సారా సంగతి ఎత్తకండి అని ఎవరైనా అని ఉంటే ఆ పాఠం ఆ పుటలోనే ఆగిపోయేది.

మీ భయాలు నాకు తెలియనివి కావు. ఎన్నికల వేళ రెండు పార్టీల అభిమానులు ఒకరినొకరు నోటికి వచ్చినట్టు తిట్టుకోవడం, కులాల పేరు ఎత్తడం, ఇళ్లలోని ఆడవారిని రచ్చకీడ్చడం, అది చూడలేక పెద్దలు గ్రూపు వదిలి వెళ్లిపోవడం, చివరికి నిర్వాహకులు గ్రూపుకు తాళం వేసి అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా మార్చడం మనమందరం చూశాం. అటువంటి దూషణను నిమిషం కూడా ఉంచవద్దు. పార్టీ కార్యాలయాల్లో తయారై వచ్చిన కరపత్రాలను, నాయకుల పుట్టినరోజు బొమ్మలను తొలగించండి. వాటిని కవిత్వంతో గానీ, పౌరుడి ఆలోచనతో గానీ కలిపి చూడనక్కరలేదు. కానీ, గొడవ చేసేవారి మూలంగా విధించిన శిక్షను గొడవ చేయనివారు అనుభవిస్తున్నారు. తిట్టేవాడికి పది గ్రూపులున్నాయి, తిట్టుకోవడానికి మరో చోటుకు పోతాడు. తన ఊరి నీళ్ల గురించి ఆలోచించి నాలుగు వాక్యాలు రాసే వెలిగొండ ప్రాంతపు ఉపాధ్యాయురాలికి మాత్రం మన గ్రూపు తప్ప వేరే దిక్కు లేదు.

చట్టం గురించిన భయం ఇంకొకటి ఉంది. పోలీసులు పిలిస్తే అడ్మిన్‌నే కదా పిలిచేది అని ఒక నిర్వాహకుడు నాతో ఆందోళనగా అన్నారు. ఆ ఆందోళన సహజమే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంటర్నెట్‌లో ఇతరులకు చికాకు కలిగించే సందేశాన్ని నేరంగా చూసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ కింద, 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో వ్యాఖ్య రాసిన ఒక యువతినీ, దాన్ని మెచ్చుకున్న మరో యువతినీ అరెస్టు చేశారు. న్యాయవిద్యార్థిని శ్రేయా సింఘాల్ వేసిన వ్యాజ్యంలో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. ఇతరులకు చికాకు కలిగించినంత మాత్రాన మాట నేరం కాదని, చర్చించడం, సమర్థించడం వేరు, హింసకు పురికొల్పడం వేరు అని ఆ తీర్పు తేల్చింది. 66ఎ పేరు చెప్పి ఇప్పటికీ కొందరు బెదిరిస్తుంటారు, ఆ సెక్షన్ లేదని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

మన విషయానికి ఇంకా దగ్గరగా వచ్చిన తీర్పు 2025 మార్చి 28 నాటిది. ఉర్దూ కవి, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక వీడియోకు నేపథ్యంగా కవితను వినిపిస్తూ సామాజిక మాధ్యమంలో పెట్టినందుకు గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో కేసు నమోదైంది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టాడన్నది ఆరోపణ. హైకోర్టు కేసును కొట్టివేయడానికి నిరాకరించింది. సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భుయాన్ ఆ కవితను చదివి, అది అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొమ్మని చెబుతున్నదే తప్ప హింసను కోరడం లేదని గుర్తించి ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేశారు. మాటలను తూచవలసింది స్థిరచిత్తులైన ధైర్యవంతుల కొలమానంతోనే కానీ, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసే పిరికివారి కొలమానంతో కాదని అన్నారు. కవిత్వం, నాటకం, వ్యంగ్యం మనిషి బతుకును అర్థవంతం చేస్తాయని చెప్పారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇటువంటి నేరారోపణల్లో, మాట విషయమైనప్పుడు, డీఎస్పీ అనుమతితో ముందుగా ప్రాథమిక విచారణ జరపడం సముచితమని నేరవిచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173(3)ను చూపి పోలీసులకు గుర్తుచేశారు. ఈ తీర్పు మన జిల్లాల పోలీసు స్టేషన్లకూ వర్తిస్తుంది.

అడ్మిన్ల బాధ్యత సంగతికొస్తే, సభ్యుడు పెట్టిన పోస్టుకు, ఉమ్మడి ఉద్దేశం గానీ ముందస్తు పథకం గానీ ఉంటే తప్ప, అడ్మిన్‌ను నేరస్థుడిగా చూడలేమని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో చెప్పింది. సభ్యులను చేర్చుకోవడం, తీసివేయడం తప్ప సందేశాల మీద ముందుగా అదుపు లేని అడ్మిన్‌పై ఇతరుల నేరం మోపరాదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఇవి ఇతర రాష్ట్రాల హైకోర్టు తీర్పులు కనుక ఇక్కడి కోర్టులు తప్పక పాటించాలన్న నిర్బంధం లేదు, అయినా వాదనకు గట్టి ఆధారాలు. విద్వేషాన్ని మీ దృష్టికి తెచ్చిన వెంటనే తీసివేస్తూ, మిగిలినదాన్ని ఉండనిచ్చే నిర్వాహకుడు నిబ్బరంగా ఉండవచ్చు.

గ్రూపుల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఎక్కువగా ఉన్నారని, వారికి ప్రవర్తనా నియమావళి ఉన్నదని కొందరు అంటారు. ఆ మాట నిజం. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం వారికి ఇబ్బంది తేగలదు కనుక వారు మౌనంగా ఉంటే ఎవరూ తప్పు పట్టకూడదు, అభిప్రాయం చెప్పమని వారిని ఎవరూ నొక్కకూడదు. అయితే ఉద్యోగికి ఉన్న పరిమితిని రైతుకూ, చేనేత కార్మికురాలికీ, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే యువకుడికీ అంటగట్టడం న్యాయం కాదు.

ఇక పేరు, తేదీ, ఆధారం అన్న మూడు మాటల గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ లేఖలో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మీకు గుర్తుంది. సోమశిల జలాశయం నుంచి వదిలిన నీరు నెల్లూరు, కోవూరు పరిసరాలను ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో కోవూరు వైపు నుంచి ఒక గృహిణి, మేడమీద చిక్కుకున్న రాత్రి గురించి రాసిన పద్యాన్ని గ్రూపులో పెట్టారు. కింది గదిలో నీళ్ల మీద తేలుతున్న బియ్యం డబ్బా గోడకు తగిలినప్పుడల్లా వచ్చిన చప్పుడును ఆమె రాశారు. చదివిన ఎవరూ ఆ చప్పుడును మరిచిపోలేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచినప్పుడు అదే పద్యం మళ్లీ నా ఫోనుకు వచ్చింది. అందులో పెన్న బుడమేరయింది, కోవూరు సింగ్‌నగర్ అయింది, కింద ఆమె పేరు లేదు, వేరొకరి పేరు ఉంది. బియ్యం డబ్బా మాత్రం అలాగే ఉంది.

ఇందులో రెండు అన్యాయాలు జరిగాయి. తన రచనకు తానే కర్తనని చెప్పుకునే హక్కు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ రచయితకు ఇస్తుంది. హక్కులు అమ్ముకున్న తరువాత కూడా అది రచయిత దగ్గరే ఉంటుంది. ఆ గృహిణి హక్కు అలా పోయింది. రెండవది, ఒక వరదకు సాక్ష్యంగా పుట్టిన రచన మరో వరదకు అబద్ధపు సాక్ష్యమయింది. పద్యం కింద పేరు, ఊరు, తేదీ రాసే అలవాటు గ్రూపులో ముందే ఉంటే, వాటిని చెరిపివేయడం ఇంత తేలికయ్యేది కాదు, చెరిపినా అసలు ప్రతి గ్రూపులో దొరికేది.

వాట్సాప్ తన వంతు కొంత చేసింది. భారతదేశంలో 2018 నుంచి ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, చాలాసార్లు చేతులు మారిన సందేశం మీద జంట బాణాల గుర్తు వేసి, 2020 నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చోటుకే పంపేలా చేసింది. కానీ కాపీ చేసి కొత్తగా అతికిస్తే ఆ బాణాలు కనిపించవు. మన గ్రూపుల్లో కవితలన్నీ దాదాపు అలాగే తిరుగుతాయి. అందువల్ల యంత్రం చేయలేని పనిని మీరు పెట్టే నియమమే చేయాలి.

వర్తమాన విషయాల మీద వ్యాఖ్యలకు తేదీ మరీ అవసరం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, నెల్లూరు జిల్లా తీరంలోని రొయ్యల రైతులు ధర ఎంత పడుతుందోనని తల్లడిల్లారు. అప్పట్లో ఏ కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) ఎంత ధర అని రాసిన సందేశాలు, దాని మీద రాసిన ఆవేదనాభరితమైన వ్యాసాలు తేదీ లేకుండా ఇప్పటికీ తిరుగుతున్నాయి. కొత్తగా చూసినవాడికి అది ఈ వారపు ధర. చెరువులో సరుకు పట్టాలా, ఆగాలా అని ఆలోచించే మనిషి పాత ధర చూసి నిర్ణయం తీసుకుంటే ఆ నష్టానికి ఎవరు జవాబు చెబుతారు? తుఫాను హెచ్చరికల సమయంలో పాత వీడియోలు కొత్తవిగా తిరగడమూ ఇటువంటిదే. కవి తన బాధకు రసీదు చూపనక్కరలేదు. కానీ ఆ కవితలో ఒక అంకె గానీ, ఒక అధికారి నిర్ణయం గానీ, ఒక మరణం గానీ ప్రస్తావిస్తే, దాన్ని ఎక్కడ చదివారో, ఎవరి వల్ల విన్నారో, లేక స్వయంగా చూశారో కింద ఒక వాక్యంలో చెప్పడం పాఠకుడి పట్ల మర్యాద.

ప్రశంసల విషయం కూడా క్లుప్తంగా ప్రస్తావించాలి. వారంవారం పోటీలు పెట్టి, పాల్గొన్న ప్రతివారికీ ప్రశంసాపత్రం పంపడం కొత్తవారికి ఉత్సాహం ఇస్తుందని ఒప్పుకుంటాను. కానీ ప్రతి కవిత కిందా అద్భుతం, అమోఘం అని మాత్రమే వస్తుంటే రాసేవారు ఎదగరు. ఫలానా పాదంలో మాట బరువెక్కింది, ఫలానా చోట విషయం తప్పు చెప్పారు అని పేరు పెట్టి, నొప్పించకుండా రాసే చర్చ మన గ్రూపుల్లో జరగాలి. వర్తమానం మీద ఆలోచనలు పంచుకునే చోట అటువంటి చర్చ దానంతటదే వస్తుంది, ఎందుకంటే అక్కడ పాఠకుడికి కూడా తెలిసిన విషయం ఉంటుంది. వేలం కేంద్రానికి వెళ్లివచ్చిన మరో రైతు, నోబిడ్ ఎందుకు పడుతుందో రాసేవాడు. గ్రేడు నిర్ణయించే పద్ధతి తెలిసిన మరొకరు దాన్ని సరిదిద్దేవారు. కవిత తొలగించడంతో ఆ సంభాషణ అంతా పుట్టకుండానే పోయింది.

కనుక నా మనవి ఇది. గ్రూపు వివరణలో ఉన్న నిషేధ వాక్యాన్ని తీసివేయండి. దూషణ, కులమత విద్వేషం, పార్టీ ప్రచార సామగ్రి ఉండరాదని స్పష్టంగా రాయండి. స్వంత రచన అయితే పేరు, ఊరు, తేదీ, ఇతరులది అయితే రచయిత పేరు లేనిదే పెట్టరాదని రాయండి. ఏ పోస్టునైనా తొలగిస్తే, ఏ నియమం కింద తొలగించారో రచయితకు విడిగా కాక గ్రూపులోనే అందరికీ తెలిసేలా చెప్పండి, రచయితకు తిరిగి అడిగే అవకాశం ఇవ్వండి. ఒక్కరే నిర్వాహకులైతే ఈ భారం మోయడం కష్టం కనుక, వేర్వేరు వృత్తుల నుంచి, వేర్వేరు అభిప్రాయాల నుంచి ఇద్దరు ముగ్గురిని తోడు తీసుకోండి. వారిలో ఒక మహిళ, ఒక రైతు ఉండేలా చూడండి. ఈ పనిలో సహాయం కావాలంటే చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

పొగాకు కవిత రాసిన ఆ రైతును తిరిగి పిలవవలసిందిగా సంబంధిత గ్రూపు నిర్వాహకులను ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆయన నంబరు మీ దగ్గరే ఉంది. ఈ లేఖను మీ మీ గ్రూపుల్లో యథాతథంగా ఉంచి, మీకు అంగీకారమైనా కాకపోయినా సభ్యులందరి ముందు జవాబు రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ గ్రూపుల సభ్యుడు ఒకడు
కావలి, నెల్లూరు జిల్లా